పాల చీటీలో కిడ్నీ లెక్క

తెల్లారి ఆరు కాకముందే పల్నాటి ఊళ్లలో పాల కేంద్రం దగ్గర సందడి మొదలవుతుంది. నరసరావుపేట పక్క ఊరైనా, గురజాల వైపు పల్లె అయినా, మాచర్ల దగ్గరి తండా అయినా తంతు ఒకటే. స్టీలు క్యాను మూత తీస్తారు, నురగ పక్కకు నెట్టి కాస్త పాలు ముంచి మిషన్‌కు పెడతారు. కాసేపటికి తెర మీద అంకెలు పడతాయి. ఒకటి ఫ్యాట్, ఇంకొకటి ఎస్ఎన్ఎఫ్. చీటీ చేతికి రాగానే అందరి చూపూ ఫ్యాట్ మీదికే పోతుంది. ఏడు దగ్గరికొస్తే మొహం విప్పారుతుంది. ఐదున్నరకు జారితే దాణా మార్చాలా, ఎండుమేత పెంచాలా అని ఇంటిదాకా అదే ఆలోచన.

అదే ఇంట్లో కిడ్నీ జబ్బు మనిషి ఉంటే ఆ చీటీని వేరేగా చదవాలి. ఆ మనిషికి కావలసింది రెండో అంకె.

ఎస్ఎన్ఎఫ్ అంటే పాలలోంచి నీటినీ, వెన్ననూ తీసేస్తే మిగిలే గట్టి పదార్థం. ప్రొటీన్, పాల చక్కెర, ఖనిజాలు అందులోవే. మూత్రపిండం బయటికి పంపాల్సిన సరుకు దాదాపు అంతా ఇక్కడే ఉంది. ప్రొటీన్ అరిగితే పుట్టే యూరియా, పాలతో వచ్చే ఫాస్ఫరస్, పొటాషియం, సోడియం అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. వెన్న సంగతి వేరు. అది ఒంట్లో ఇంధనంగా కాలిపోతుంది, లేదా కొవ్వుగా పేరుకుంటుంది. మూత్రపిండానికి దానితో వడపోత పని లేదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. డాక్టరు పాలు తగ్గించమన్నాడని ఇంటి గేదె పాలు మానేసి, ‘పలచటివి’ కదా అని డబుల్ టోన్డ్ ప్యాకెట్ తెప్పించుకుంటారు. మన దేశంలో ఆహార ప్రమాణాల ప్రకారం ఫుల్ క్రీమ్ పాలలో కనీసం 6 శాతం ఫ్యాట్, 9 శాతం ఎస్ఎన్ఎఫ్ ఉండాలి. టోన్డ్ పాలలో 3, 8.5. డబుల్ టోన్డ్‌లో ఫ్యాట్ 1.5 అయితే ఎస్ఎన్ఎఫ్ మళ్లీ 9. తగ్గింది వెన్న ఒక్కటే. గుండెకూ ఒంటి బరువుకూ దానివల్ల మేలు ఉండొచ్చు. ఫాస్ఫరస్, పొటాషియం లెక్కలో మాత్రం ప్యాకెట్ రంగు మారినంత మాత్రాన మనిషికి ఒరిగేదేమీ లేదు.

నెయ్యి విషయంలో భయం దీనికి తిరగేసి ఉంటుంది. వేడి అన్నంలో చెంచా నెయ్యి వేసుకుంటే కిడ్నీకి బరువని మానేసేవాళ్లున్నారు. నేతిలో ప్రొటీన్ లేదు, ఫాస్ఫరస్, పొటాషియం లేనట్టే. కిడ్నీ రోగికి గుండెజబ్బు ముప్పు ఎక్కువ కాబట్టి నెయ్యికి హద్దు ఉండాలి, అది నిజం. కానీ ఆ హద్దు గుండె కోసం. తిండి సయించక చిక్కిపోతున్న మనిషి అన్నంలోంచి చెంచాడు నెయ్యి తీసేసి, రాత్రికి పెద్ద గ్లాసుడు పాలు పట్టించే ఇళ్లను చూస్తే బాధగా ఉంటుంది. ప్రేమతోనే చేస్తారు. లెక్క తెలియక తలకిందులుగా చేస్తారు.

ఈ లెక్క ఎందుకో తెలియాలంటే మూత్రపిండం పని చూడాలి. ఒక్కో మూత్రపిండంలో దాదాపు పది లక్షల నెఫ్రాన్లనే వడపోత గొట్టాలుంటాయి. రెండూ కలిసి రోజుకు 180 లీటర్ల దాకా ద్రవాన్ని వడగట్టి, పనికొచ్చేదంతా వెనక్కి పీల్చుకుని, లీటరున్నర, రెండు లీటర్లు మాత్రం మూత్రంగా వదులుతాయి. వడపోత ఎంత జరుగుతోందో చెప్పే అంకె ఈజీఎఫ్ఆర్. అది 60 కంటే తగ్గి మూడు నెలలకు పైగా అలాగే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. అంకె 60 పైన ఉన్నా, మూత్రంలో ఆల్బుమిన్ అదేపనిగా పోతుంటే అదీ జబ్బే. 30కి దిగువన నాలుగో దశ, 15కి దిగువన ఐదో దశ.

నెఫ్రాన్లు చచ్చిపోతున్న కొద్దీ మిగిలినవాటి మీద భారం పెరుగుతుంది. ఫాస్ఫరస్ విషయంలో ఒంటి తంత్రం ఆశ్చర్యం కలిగిస్తుంది. ఎముకల్లోంచి ఎఫ్‌జీఎఫ్-23 అనే హార్మోన్, మెడలోని పారాథైరాయిడ్ గ్రంథుల నుంచి మరో హార్మోన్ ఎక్కువగా ఊరి, మిగిలిన నెఫ్రాన్లను ‘ఇంకాస్త ఫాస్ఫరస్ బయటికి తోయండి’ అని తరుముతాయి. అందుకే ఈజీఎఫ్ఆర్ 30 దరిదాపులకు పడిపోయేదాకా చాలామంది రిపోర్టులో ఫాస్ఫరస్ మామూలుగానే కనబడుతుంది. ఆ తర్వాత తంత్రం చెల్లదు. నెత్తుట్లో ఫాస్ఫరస్ పెరుగుతుంది. ఎముకల్లో కాల్షియం తరిగిపోతుంటే, రక్తనాళాల గోడల్లో అదే కాల్షియం ఫాస్ఫేట్‌గా పేరుకుని గట్టిపడుతుంది. ఒళ్లంతా దురద. పాలు తాగితే ఎముక గట్టిపడుతుందన్న మాట ఆరోగ్యవంతుడికి నిజం. నాలుగో దశకు చేరిన మనిషి మోతాదు మించి తాగితే ఆ పాల ఫాస్ఫరసే ఎముకను గుల్ల చేయడంలో ఒక చెయ్యి వేస్తుంది.

రిపోర్టులో ఆ ఫాస్ఫరస్ అంకె వెనక ఒక తెలుగువాడున్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఫాస్ఫేట్‌ను మాలిబ్డేట్‌తో కలిపి నీలిరంగు రప్పించడం, ఆ రంగు చిక్కదనాన్ని బట్టి మోతాదు చెప్పడం దాని కిటుకు. ఇవాళ ల్యాబుల్లో పని యంత్రాలు చేస్తున్నా, ఫాస్ఫేట్‌కూ మాలిబ్డేట్‌కూ మధ్య జరిగే ఆ చర్యే ఎక్కువచోట్ల పునాది. నరసరావుపేటలో చిన్న ల్యాబు ఇచ్చిన కాగితం మీద ‘ఫాస్ఫరస్ 5.8’ అని ఉంటే, నూరేళ్ల కిందటి ఆ నీలిరంగుకు అది కొనసాగింపు. పెద్దవాళ్లలో మామూలు అంకె 2.5 నుంచి 4.5 దాకా.

ఇక పెరుగు. మన ప్రాంతంలో అసలు పేచీ అంతా దీని దగ్గరే.

“మామయ్యా, డాక్టరు గారు పాలు తగ్గించమన్నారు గదా, మళ్లీ గిన్నెడు పెరుగేసుకున్నారే?”

“పాలు గదమ్మా తగ్గించమంది! పెరుగు చలవ. దానికేమవుద్ది?”

ఈ మాట పల్నాట్లో ఎన్ని ఇళ్లలో వినబడుతుందో లెక్కలేదు. పెరుగు లేకుండా అన్నం ముగిస్తే అన్నం తిన్నట్టే కాదని నమ్మే జనం మనం. అందుకని పాలు పెరుగయ్యేటప్పుడు గిన్నెలో ఏం జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూద్దాం.

పాలలో కేసీన్ అనే ప్రొటీన్ కంటికి కనబడనంత చిన్న ఉండలుగా తేలుతూ ఉంటుంది. ఆ ఉండ విడిపోకుండా లోపల పట్టి ఉంచేది కాల్షియం ఫాస్ఫేట్. గోరువెచ్చని పాలలో తోడు వేస్తే అందులోని బ్యాక్టీరియా పాల చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లాన్ని వదులుతుంది. పులుపు పెరుగుతున్న కొద్దీ ఆ కాల్షియం ఫాస్ఫేట్ కరిగి ఉండలోంచి నీళ్లలోకి జారుతుంది. పట్టు తప్పిన ఉండలు ఒకదానికొకటి అంటుకుని వలలా అల్లుకుంటాయి. తెల్లారేసరికి గిన్నె వంచినా జారని గడ్డపెరుగు. రుచి మారింది, రూపు మారింది, అరుగుదల సులువైంది. గిన్నెలోంచి ఒక్క చుక్క బయటికి పోలేదు. రాత్రి పాలలో ఎంత ఫాస్ఫరస్ ఉందో, ఎంత పొటాషియం ఉందో, పొద్దున పెరుగులోనూ అంతే ఉంది. చలవ అన్నది నాలుకకూ కడుపుకూ తెలిసే సుఖం. మూత్రపిండానికి ఆ తేడా తెలియదు.

పెరుగును పలచటి గుడ్డలో మూటగట్టి కొక్కేనికి వేలాడదీస్తే అప్పుడు లెక్క మారుతుంది. కింద పెట్టిన గిన్నెలోకి లేత పసుపుపచ్చ తేట బొట్టుబొట్టుగా దిగుతుంది. నీటిలో కరిగి ఉండే పొటాషియం చాలావరకు ఆ తేటతో పోతుంది. పులుపుకు కరిగిన కాల్షియం ఫాస్ఫేట్ కూడా కొంత పోతుంది. గుడ్డలో మిగిలింది ప్రొటీన్ దట్టించిన ముద్ద. కేసీన్‌లోనే అంటుకుని ఉండే ఫాస్ఫరస్ మాత్రం ఎటూ పోదు. పాలు విరగ్గొట్టి పిండే పన్నీరు కథా ఇదే. అందుకే డయాలసిస్‌లో ఉండి ప్రొటీన్ ఎక్కువ కావలసిన వ్యక్తికి, పొటాషియం ఎక్కువున్నప్పుడు, గ్లాసు పాలకు బదులు కొద్దిగా పన్నీరు మేలని డైటీషియన్లు చెప్పడం కద్దు. ఆ తేట పారబోయడం ఎందుకని పప్పులోనో చారులోనో పోస్తే చేసిన పనంతా వృథా. గేదె ఈనిన ఇంటి నుంచి వచ్చే జున్నుపాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. తొలిపూట పాలలో ప్రొటీన్ మామూలు పాలకు కొన్ని రెట్లు. ఆపైన బెల్లం, దానిలోనూ పొటాషియమే. రుచికి చెంచాడు చాలు.

అంకెలు చెప్పుకుందాం. గేదె పాలు వంద మిల్లీలీటర్లలో ప్రొటీన్ నాలుగు గ్రాములకు కాస్త అటూ ఇటూ, ఫాస్ఫరస్ వంద నుంచి నూట ముప్ఫై మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. ఆవు పాలలో రెండూ కొంచెం తక్కువ. పశువును బట్టి, మేతను బట్టి, ఈతను బట్టి మారుతుంటుంది. జబ్బు ముదిరిన మనిషికి రోజు మొత్తానికి 800 నుంచి 1000 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ హద్దని చాలాకాలంగా చెబుతున్నారు. పొద్దున గ్లాసు పాలు, మధ్యాహ్నం గరిటెడు పెరుగు, రాత్రి మళ్లీ పెరుగు, మధ్యలో బజారులో నాలుగు టీలు. టీలో పాలను ఎవరూ లెక్కపెట్టరు, అవే గ్లాసుడవుతాయి. అన్నీ కలిపితే సులువుగా అరలీటరు దాటుతుంది. రోజు ఫాస్ఫరస్‌లో సగానికి పైగా పాడితోనే సరి.

అలాగని పాడి మొత్తం బంద్ చేయమనడం నేను ఒప్పుకోను. అరవై కిలోల మనిషి, డయాలసిస్ దాకా రాలేదు, మూడు నాలుగు దశల్లో ఉన్నాడనుకుందాం. 2024లో వెలువడిన అంతర్జాతీయ కేడీఐజీఓ మార్గదర్శకాలు కిలో బరువుకు 0.8 గ్రాముల ప్రొటీన్ చాలంటున్నాయి. అంటే రోజుకు 48 గ్రాములు. మూడొందల గ్రాముల బియ్యం వండుకుంటే దాదాపు 23 గ్రాములు వస్తుంది. నలభై గ్రాముల కందిపప్పులో తొమ్మిది. ఇంకా పదహారు మిగిలింది. ఒక గుడ్డు, పావులీటరు లోపు పాలో పెరుగో తీసుకుంటే లెక్క సరిపోయింది. మాంసం ముట్టని ఇంట్లో గుడ్డూ లేక, పాలూ తీసేస్తే ఆ మనిషి కండ కరిగించుకుని బతకాలి. కండ కరిగినా పుట్టేది యూరియానే. మొదటి రెండు దశల్లో, పొటాషియం, ఫాస్ఫరస్ బాగున్నవాళ్లకు పాలు మానమనడానికి ఆధారమే లేదు. ఆ దశలో షుగర్, బీపీ అదుపులో పెట్టుకోవడం, ఉప్పు తగ్గించడం, పొలం పనికి ఒళ్లు నొప్పులని రోజూ మింగే నొప్పి బిళ్లలు మానడం అంతకు పదిరెట్లు ముఖ్యం.

డయాలసిస్ మొదలైతే లెక్క తిరగబడుతుంది. ప్రొటీన్ కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలి, ఎందుకంటే ఆ ప్రక్రియలో కొంత పోతుంది. ఫాస్ఫరస్ మాత్రం తగ్గాలి. నాలుగు గంటల డయాలసిస్‌లో బయటికి పోయే ఫాస్ఫరస్ సుమారు 600 నుంచి 1000 మిల్లీగ్రాములు. మన దగ్గర చాలామందికి వారానికి రెండుసార్లే జరుగుతుంది. రోజుకు వెయ్యి తింటే, అందులో అరవై శాతం ఒంటికి పట్టినా వారానికి నాలుగు వేల పైచిలుకు. పోయేది రెండు వేలకు మించదు. ఈ తేడాను పూడ్చడానికే ఫాస్ఫరస్‌ను పేగులోనే పట్టేసే బిళ్లలిస్తారు. అవి అన్నంతో పాటు వేసుకోవాలి. తిన్న గంటకు వేసుకుంటే పట్టడానికి అక్కడ ఏమీ మిగలదు.

రెంటచింతల ఎండ గురించి రాష్ట్రమంతటికీ తెలుసు. ఆ ఎండలో మజ్జిగ వద్దనడం ఎవరి తరమూ కాదు, అనాల్సిన పనీ లేదు. రెండు మూడు చెంచాల పెరుగు చిలికి మూడింతలు నీళ్లు పోస్తే ఆ గ్లాసు మజ్జిగలో ప్రొటీన్ రెండు గ్రాములు, ఫాస్ఫరస్ అరవై మిల్లీగ్రాములకు మించదు. కరివేపాకు, అల్లం, పచ్చిమిర్చి దంచి వేసుకోండి. ముప్పు ఉప్పుతోనే. రోజు మొత్తానికి హద్దు ఐదు గ్రాములు, అంటే ఒక చెంచా. పక్కన చల్లమిరపకాయలు, గోంగూర పచ్చడి, ఆవకాయ ఉంటే మధ్యాహ్నానికే హద్దు దాటుతుంది. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు, కిడ్నీ రోగికి అది విషంతో సమానం. కొబ్బరినీళ్ల సంగతీ అంతే, పొటాషియం ఎక్కువున్నవాళ్లు ముట్టకూడదు. మూత్రం తగ్గిపోయి నీళ్లకు కొలత పెట్టినవాళ్లు మజ్జిగనూ, పెరుగునూ నీళ్ల లెక్కలో కలుపుకోవాలి. గడ్డపెరుగులోనూ నూటికి ఎనభై పాళ్లకు పైగా నీళ్లే.

ఇక్కడ జొన్న గురించి రెండు మాటలు చెప్పకపోతే తోచదు. పల్నాటి జొన్నకూడు మీద విసుక్కున్న చాటువులు శ్రీనాథుడి పేరుతో వాడుకలో ఉన్నాయి. 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగి, 1967లో కుడికాలువకు నీళ్లు వదిలాక పల్నాటి కంచంలో జొన్న పోయి వరి వచ్చింది. కాగితం మీద చూస్తే జొన్నలో ఫాస్ఫరస్ పాలకు రెట్టింపు కనబడుతుంది. అది చూసి భయపడి మానేస్తున్నారు. కానీ గింజల్లో, పప్పుల్లో ఫాస్ఫరస్ చాలావరకు ఫైటేట్ రూపంలో బిగిసి ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైమ్ మనిషి పేగులో లేనట్టే. నూటికి ఇరవై నుంచి నలభై పాళ్లు మాత్రమే ఒంటికి పడుతుంది. పాలు, మాంసం అయితే నలభై నుంచి అరవై. అమెరికాలో షారన్ మో బృందం తొమ్మిదిమంది కిడ్నీ రోగులకు సమానమైన ఫాస్ఫరస్ ఉన్న రెండు రకాల భోజనాలు పెట్టి చూసి 2011లో ఫలితం ప్రకటించింది. మొక్కల తిండి తిన్న వారం రక్తంలో ఫాస్ఫరస్ తక్కువగా ఉంది, ఎఫ్‌జీఎఫ్-23 కూడా తగ్గింది. తొమ్మిదిమందితో చేసింది చిన్న పరిశీలనే, కానీ దారి చూపింది. పొటాషియం బాగున్నవాళ్లకు రాత్రి ఒక జొన్నరొట్టె అభ్యంతరం కాదు. పొటాషియం ఎక్కువైతే జొన్న కంటే తెల్లన్నమే నయం, కూరగాయలు చిన్నగా తరిగి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వంపేసి వండుకోవాలి.

నాకు పాలకంటే ఎక్కువ భయం కలిగించేది ప్యాకెట్ తిండి. కలిపిన ఫాస్ఫేట్ లవణాలు ఒంటికి నూటికి తొంభై పాళ్ల దాకా పట్టేస్తాయి. చీజ్ ముక్కలు, కూల్‌డ్రింకులు, నిల్వ మాంసం, కొన్ని పాలపొడులు. ప్యాకెట్ వెనక ఐఎన్‌ఎస్ 338 నుంచి 341 దాకా, 450, 451, 452 అంకెలు కనబడితే అవి ఫాస్ఫేట్లే. ఊళ్లో బడ్డీకొట్టు దాకా వచ్చేశాయివి. నాన్నకు గరిటెడు పెరుగు వద్దని గదమాయించిన కొడుకే సాయంత్రం నల్లటి కూల్‌డ్రింకు కొనిచ్చే రోజులు.

ఆంధ్రలో కిడ్నీ జబ్బంటే శ్రీకాకుళం ఉద్దానం గుర్తుకొస్తుంది. అక్కడి జబ్బుకు కారణం ఇదని ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు. ఆ ప్రాంతంలోని పలాసలో 2023 డిసెంబరులో రెండొందల పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. మన పక్కనే ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాల గోడు కూడా విన్నాం. పల్నాడుకు ఆ పేరు రాకూడదంటే షుగర్, బీపీ ఉన్న ప్రతి ఒక్కరూ ఏడాదికొకసారి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూపించుకోవాలి. పెద్ద ఖర్చు కాదు.

ఇప్పటికే జబ్బు ఉన్నవాళ్లకు ఒక విన్నపం. గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్లినా, నరసరావుపేటలో చూపించుకున్నా, ‘పాలు తాగొచ్చా సార్?’ అని అడిగి ఊరుకోకండి. ఆ ప్రశ్నకు వచ్చే జవాబు అవుననో కాదనో ఉంటుంది, రెండూ మీకు సరిపోవు. రిపోర్టు చేతిలో పట్టుకుని, ‘నా ఫాస్ఫరస్ ఎంత, పొటాషియం ఎంత, పాలూ పెరుగూ టీ అన్నీ కలిపి రోజుకు ఎన్ని మిల్లీలీటర్లు?’ అని అడగండి. డాక్టరు చెప్పిన కొలతకు ఇంట్లో ఒక గ్లాసు గుర్తు పెట్టుకుని, రోజంతటి పాడి ఆ గ్లాసుతోనే కొలుచుకోండి. మూడు నెలలకు మళ్లీ రక్తం చూపించి, అంకెను బట్టి ఆ కొలత మార్చుకోండి.